కలవని వలయం: రెండు గల్ పక్షుల చరిత్ర

వేల్సు దేశపు నైరుతి కొసన, సముద్రంలో స్కోఖోమ్ అనే చిన్న ద్వీపం ఒకటి ఉన్నది. దాని విస్తీర్ణం సుమారు 100 హెక్టారులు. 1933లో రోనాల్డ్ లాక్లీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు బ్రిటన్‌లో మొట్టమొదటి పక్షి పరిశీలన కేంద్రాన్ని అక్కడ నెలకొల్పినారు. ఆ ద్వీపం మీద వసంతం రాగానే రెండు విధాల గల్ పక్షులు గూళ్లు పెట్టుకొంటాయి. ఒకదాని పేరు హెర్రింగు గల్. రెండవది చిన్న నల్లవీపు గల్. రెండింటి గూళ్లూ ఒకే దీవి మీద, కొన్ని చోట్ల కూతవేటు దూరంలోనే ఉంటాయి. సాధారణంగా రెండూ మూడేసి గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల రంగూ, మచ్చల తీరూ ఒక్కటే. తిండికి వెళ్లే సముద్రం ఒక్కటే, ఎగిరే గాలీ ఒక్కటే. అయినప్పటికీ హెర్రింగు గల్ హెర్రింగు గల్‌నూ, నల్లవీపుది నల్లవీపుదానినీ వెదకి జోడు కట్టుతుంది. కట్టు తప్పిన జంట ఎప్పుడో గాని కనబడదు.

ఇందులో వింత ఏమున్నదని శ్రోతలు అడుగవచ్చును. కాకి కాకితోనూ, కొంగ కొంగతోనూ కూడడం లోకసహజమే కదా! నిజమే. కాని కాకికీ కొంగకూ గల భేదం వేరు, ఈ రెండు పక్షులకు గల భేదం వేరు. ఇవి రెండు జాతులా, లేక ఒకే జాతిలోని రెండు శాఖలా అనే ప్రశ్నకు పండితులు చెప్పిన జవాబు తరతరానికీ మారుతూ వచ్చినది. ఆ జవాబులలో ఒకటి మిక్కిలి అందమైనది. సుమారు అరువది సంవత్సరాల పాటు అది జీవశాస్త్ర గ్రంథాలలో ఒక మణిపూస వలె వెలిగినది. అది ఎట్లా పుట్టినదో, ఎట్లా నిలువలేకపోయినదో చెప్పడమే ఈ ప్రసంగంలో మా ఉద్దేశం.

ముందుగా పక్షులను పరిచయం చేసుకొందాము. గల్ పక్షిని తెలుగులో కొందరు సముద్రపు కాకి అంటారు గాని, కాకికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. శీతకాలంలో మన కాకినాడ తీరంలోనూ, పులికాటు సరస్సు మీదనూ వాలే గోధుమతల గల్ ఈ కుటుంబంలోనిదే. అయితే అది పరిమాణంలో చిన్నది. మనము చెప్పుకొంటున్న రెండూ పెద్ద గల్ పక్షులు. హెర్రింగు గల్ ఇంచుమించు ఒక కిలోగ్రాము తూగుతుంది. రెక్కలు చాచితే నాలుగడుగులకు పైమాటే. తల, మెడ, పొట్ట తెల్లన. వీపు వెండివన్నె కలిసిన లేత బూడిద రంగు. కాళ్లు గులాబి రంగు. చిన్న నల్లవీపు గల్ దీనికంటె కొంచెం సన్నని పక్షి, దాని రెక్కలు ఇంకా కోసుగా ఉంటాయి. పేరుకు నల్లవీపు అన్నారు గాని, బ్రిటన్‌లో కనబడే వాటి వీపు బడిపిల్లల పలక రంగులో ఉంటుంది. కాళ్లు పసుపు పచ్చన. రెండింటికీ పసుపు ముక్కు, ఆ ముక్కు కింది భాగంలో కుంకుమబొట్టు వంటి ఎర్రని మచ్చ. కంటి చుట్టూ సన్నని వలయం ఒకటి ఉంటుంది. అది హెర్రింగు గల్‌కు పసుపు, నారింజ రంగుల నడుమ ఉంటే, నల్లవీపుదానికి ఎర్రగా ఉంటుంది. ఈ చిన్న వలయాన్ని గుర్తుంచుకొనవలసిందని మనవి.

అలవాట్లలో ఒక పెద్ద భేదం ఉన్నది. హెర్రింగు గల్ బ్రిటన్‌లో చాల వరకు ఇల్లు విడువని పక్షి. చలికాలంలో కూడ పుట్టిన తీరానికి అంత దూరం పోదు. నల్లవీపుది బాటసారి. శరత్తు రాగానే అది ఫ్రాన్సు, స్పెయిను, పోర్చుగలు దాటి ఆఫ్రికా వాయవ్య తీరాల వరకు పోయి, మరల వసంతానికి తిరిగి వస్తుంది. ఇటీవలి దశాబ్దాలలో బ్రిటన్‌లోనే చలికాలం గడిపే నల్లవీపు పక్షులు పెరిగినవి గాని, వలస అనేది దాని పూర్వాచారం.

హెర్రింగు అనేది ఉత్తర సముద్రాలలో దొరికే చేప. మన గోదావరి పులసకు దూరపు చుట్టం. పేరు చూచి ఈ పక్షి ఆ చేపనే తిని బ్రతుకుతుందని అనుకొనరాదు. పీతలు, ఆల్చిప్పలు, పొరుగు పక్షుల గుడ్లు, పిల్లలు, పడవలవారు పారవేసిన చేప పేగులు, పట్టణాల చెత్తకుప్పలు, ఏదైనా దానికి సమ్మతమే.

ఇక చరిత్ర. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1758లో తన ప్రకృతి వ్యవస్థ గ్రంథపు పదవ ముద్రణలో నల్లవీపుదానికి శాస్త్రీయ నామం పెట్టినారు. ఆ లాటిను పేరు లారస్ ఫస్కస్. ముదురు రంగు గలదని అర్థం. హెర్రింగు గల్‌కు పేరు పెట్టినది డెన్మార్కు దేశపు ఎరిక్ పోంటోపిడాన్, 1763లో. లారస్ అర్జెంటాటస్ అనగా వెండి పూత గలది. ఈ పోంటోపిడాన్ మతాధికారి, నార్వేలోని బెర్గెన్ నగరానికి బిషప్పుగా ఉన్నవాడు. ఓడలను ముంచగల క్రాకెన్ అనే మహాసముద్ర జంతువును గురించి విపులంగా వ్రాసి నలుగురినీ బెదరగొట్టినది కూడ ఈయనే. క్రాకెన్‌ను ఎవరూ పట్టలేదు గాని, ఆయన పెట్టిన గల్ పేరు మాత్రం నేటికీ చెల్లుతున్నది.

అప్పటి శాస్త్రానికి జాతి అంటే రూపం. రూపం వేరైతే జాతి వేరు. ఆ కొలతతో చూస్తే వీపు రంగు, కాళ్ల రంగు చాలును. రెండు పక్షులు రెండు జాతులు, వివాదం లేదు. వివాదం వచ్చినది 19వ శతాబ్దంలో సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడా తీరాల నుండి పక్షి చర్మాలు పెట్టెల కొద్దీ మ్యూజియములకు చేరడం మొదలైన తరువాత. ఒక పెట్టెలో హెర్రింగు గల్ కంటె కొంచెం ముదురు వీపు పక్షి. మరొక పెట్టెలో అంతకంటె ముదురు. వేరొకదానిలో నల్లవీపుదానికంటె కొంచెం లేత. ఇవన్నీ వేరు వేరు జాతులా? ఎక్కడ గీత గీయవలెను?

ఇక్కడ ఒక చిక్కు చెప్పవలెను. గడ్డి, దూది కూరి ఎండబెట్టిన చర్మంలో ఈకల రంగు చాల కాలం నిలుస్తుంది గాని, కాళ్ల రంగు, కంటి వలయపు రంగు నిలువవు. గులాబి కాళ్లు, పసుపు కాళ్లు రెండూ వాడి వన్నె తప్పుతాయి. పక్షిని వేటాడినవాడు ఆనాడే చీటీ మీద వ్రాసిపెట్టి ఉంటే సరి. లేకుంటే ఊహే శరణ్యం. దీనికి తోడు ఈ పక్షుల పిల్లలు నాలుగవ ఏడు వచ్చేవరకు పెద్దల వేషం పూర్తిగా ధరించవు. మొదటి సంవత్సరంలో రెండు జాతుల పిల్లలూ గోధుమ రంగు మచ్చలతో ఒకే పోలికగా ఉంటాయి. అనుభవజ్ఞులు సైతం తడబడతారు. 1925లో అమెరికా పండితుడు జొనాథన్ డ్వైట్ ప్రపంచంలోని గల్ పక్షులన్నింటి ఈకల మార్పులను గురించి ఒక పెద్ద గ్రంథం ప్రచురించినారు. ఏ వయస్సులో ఏ వేషమో తెలుసుకొనకుండా ఏది ఏ జాతియో చెప్పలేమన్న ఎరుక ఇటువంటి శ్రమ వలననే వ్యాపించినది. ఇట్టి పని చేసినవారిని లోకం త్వరగా మరచిపోతుంది గాని, తరువాతి వారి సిద్ధాంతాలన్నింటికీ వీరి పట్టికలే పునాది.

1934లో రష్యా పక్షిశాస్త్రజ్ఞుడు బోరిస్ స్టెగ్‌మాన్ ఈ పెద్ద గల్ పక్షుల రూపాలను గురించీ, వాటి పరస్పర సంబంధాలను గురించీ జర్మను భాషలో ఒక దీర్ఘవ్యాసం వ్రాసినారు. పక్షులను పెట్టెల వరుసలో చూడడం మాని, భూగోళం మీద అవి నివసించే వరుసలో చూచినారు. ఎనిమిదేండ్ల తరువాత, 1942లో, ఎర్నెస్ట్ మేయర్ జీవజాతుల ఉత్పత్తిని గురించి వ్రాసిన సుప్రసిద్ధ గ్రంథంలో ఈ గల్ పక్షుల కథకు పూర్తి రూపం ఇచ్చినారు. మేయర్ 1904లో జర్మనీలో పుట్టి, 1931లో న్యూయార్కు మ్యూజియముకు చేరినవారు. జాతి అంటే రూపం పోలిక అనే పాత మాటను పక్కకు పెట్టి, తమలో తాము సంతానం కనగలిగి, ఇతరులతో కలువని జీవుల సముదాయమే జాతి అని ఆయన నిర్వచించినారు. ఆ నిర్వచనానికి కఠిన పరీక్షగా ఆయనకు దొరికినవి ఈ రెండు పక్షులే.

మేయర్ చెప్పిన కథను ఉత్తర ధ్రువం మీద నిలిచి కిందికి చూస్తున్నట్లు ఊహించుకొని వినవలెను. బ్రిటన్‌లో హెర్రింగు గల్ వద్ద బయలుదేరుదాము. అట్లాంటిక్ దాటి పడమరకు పోతే అమెరికా హెర్రింగు గల్. దాదాపు అదే లేత వీపు, అవే గులాబి కాళ్లు. అలాస్కా వద్ద బేరింగు జలసంధి దాటి సైబీరియా ఈశాన్యానికి చేరితే వేగా గల్. వీపు కొంచెం ముదిరినది. ఇంకా పడమరకు పోతే ఇంకా ముదురు. తైమిర్ ద్వీపకల్పం నుండి శ్వేతసముద్రం వరకు ఉండేది హాయిగ్లిన్ గల్; వీపు బాగా ముదురు, కాళ్లు పసుపు పచ్చన. అక్కడినుండి స్కాండినేవియా చేరితే చిన్న నల్లవీపు గల్. మరి కొంత దూరం పోతే మరల బ్రిటన్‌కే వచ్చినాము. భూమి చుట్టూ ప్రదక్షిణం పూర్తి అయినది, పక్షి మారిపోయినది. దారి పొడవునా ప్రతి పక్షీ తన పక్కదానితో కలిసి సంతానం కనగలదు. కాని గొలుసు రెండు కొసలు బ్రిటన్‌లో కలిసినచోట ఒకదానిని ఒకటి పరాయిగా చూస్తున్నవి.

ఇది మన భాషలో చెప్పుకొంటే సులభంగా బోధపడుతుంది. ఇచ్ఛాపురంలో బయలుదేరి తడ వరకు ఊరూరూ ఆగుతూ పోయేవానికి ఒక ఊరి మాటకూ, తరువాతి ఊరి మాటకూ భేదమే తోచదు. కాని ఇచ్ఛాపురం మనిషినీ, తడ మనిషినీ ఎదురెదురుగా కూర్చుండబెడితే యాస తేడా వెంటనే తెలుస్తుంది. ఈ ఊళ్లన్నీ ఒక మహాసరస్సు చుట్టూ ఉన్నవనీ, మొదటి ఊరూ కడపటి ఊరూ పక్క పక్కనే వచ్చినవనీ, అప్పటికి ఒకరి మాట ఒకరికి బొత్తిగా తెలియకుండా పోయినదనీ అనుకొంటే, అదే మేయర్ చెప్పిన వలయం. గీత ఎక్కడ గీయవలెనంటే ఎక్కడా గీయలేము; అయినా రెండు కొసల మధ్య గీత ఉన్నది.

ఆరంభస్థానం ఆరల్, కాస్పియన్ సరస్సుల ప్రాంతమని కూడ ఆయన సూచించినారు. అక్కడినుండి ఉత్తరానికి వచ్చిన పూర్వీకులు తూర్పుగా కొన్ని, పడమరగా కొన్ని వ్యాపించినవి. తూర్పుకు పోయినవి అమెరికా చేరి, అట్లాంటిక్ దాటి ఐరోపాకు వచ్చి హెర్రింగు గల్ అయినవి. పడమరగా వచ్చినవి నల్లవీపువి అయినవి.

ఈ కథకు అంత గౌరవం ఎందుకు కలిగినదో తెలుసుకొనడం కష్టం కాదు. ఒక జాతి రెండు జాతులు కావడానికి వేల సంవత్సరాలు పడుతుంది. ఆ మధ్య రూపాలు గతించిపోతాయి. మనకు కడపటి ఫలితమే మిగులుతుంది. డార్వినును ఎదిరించినవారందరూ అడిగినది ఆ మధ్య రూపాలేవి అనే. ఇక్కడనో, ఆ మెట్లన్నీ సజీవంగా, రెక్కలాడిస్తూ, ధ్రువం చుట్టూ వరుసగా కూర్చుండి ఉన్నవి! కాలంలో జరిగినది దేశంలో పరచిపెట్టినట్లయినది. ఉపాధ్యాయునికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఏమి కావలెను? అయితే దీని సాక్ష్యమంతా ఎక్కువగా వీపుల రంగూ, కాళ్ల రంగూను. అమెరికా పక్షి అట్లాంటిక్ దాటి ఐరోపాకు వచ్చి స్థిరపడినదనడానికి పోలిక తప్ప వేరు ఆధారం లేదు. ఇది నేడు తీరికగా కూర్చుండి మేము అనగల మాట. ఆనాటివారి చేతిలో వేరు సాధనం లేదు.

సిద్ధాంతం ఒకవైపు సాగుతుండగా, పక్షుల ఎదుట కూర్చుండి చూచేవారు మరొకవైపు పనిచేసినారు. వారిలో అగ్రగణ్యుడు నికో టింబర్గెన్. 1907లో హాలండులో పుట్టినారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనులు ఆయనను బందీగా ఉంచినారు. 1949లో ఆక్స్‌ఫర్డుకు వెళ్లినారు. హెర్రింగు గల్ ప్రపంచాన్ని గురించి 1953లో ఆయన వ్రాసిన పుస్తకం పక్షుల ప్రవర్తనను గురించిన గొప్ప గ్రంథాలలో ఒకటి. 1973లో కార్ల్ ఫాన్ ఫ్రిష్, కోన్రాడ్ లోరెంజ్ అనేవారితో పాటు నోబెలు బహుమానం పొందినారు. గుడ్డు పగిలి బయటికి వచ్చిన గల్ పిల్ల తల్లి ముక్కు మీది ఎర్రమచ్చను పొడుస్తుంది. తల్లి మేత కక్కి పెడుతుంది. టింబర్గెన్ అట్టముక్కలతో రకరకాల తలలు చేయించి పిల్లల ముందు పట్టినారు. తల రంగు మారినా పిల్లకు అంత పట్టలేదు. మచ్చ లేకపోతే మాత్రం పొడవడం తగ్గినది. తల్లి అంటే ఆ పిల్లకు ఒక ఎర్రచుక్క!

ఈ పరిశీలన వలన మన ప్రశ్న ఇంకా పదునెక్కినది. నల్లవీపుదానికీ అదే ఎర్రమచ్చ ఉన్నది. మెడ వంచి, తల వెనుకకు విసరి అరిచే పద్ధతీ, గడ్డి పీకి ప్రత్యర్థిని బెదిరించే పద్ధతీ రెండింటికీ ఇంచుమించు ఒక్కటే. నల్లవీపుదాని గొంతు కొంచెం బొంగురు. భాష ఒకటే, మర్యాదలు ఒకటే, పిల్లలకు తల్లి గుర్తూ ఒకటే. మరి పెండ్లి వేళకు మాత్రం నీవు వేరు, నేను వేరు అని ఎట్లా తెలుస్తున్నది? పుట్టుకతో వచ్చిన జ్ఞానమా? పెంపకంలో నేర్చినదా?

దీనికి జవాబు వెదకినవారు మైకేల్ హారిస్. స్థలం మరల స్కోఖోమ్, దాని పొరుగు ద్వీపమైన స్కోమర్. 1960లలో ఆయన చేసిన పని చెప్పడానికి తేలిక, చేయడానికి ఓపిక కావలసినది. హెర్రింగు గల్ గూటిలోని గుడ్లను నల్లవీపుదాని గూటిలోనూ, దానివి దీనిలోనూ మార్చినారు. గుడ్లు ఒకే పోలిక గనుక తల్లిదండ్రులు కనిపెట్టలేదు. ఇట్లా వందలకొలది పిల్లలు పరాయి ఇండ్లలో పెరిగినవి. వాటి కాళ్లకు ఉంగరాలు తొడిగి విడిచినారు. తరువాత నాలుగైదు సంవత్సరాలు వేచి ఉండడమే. దేవకి కన్నది యశోద పెంచిన కథ మనకు కొత్తది కాదు గాని, పెరిగి పెద్దవాడైన తరువాత ఏ కులంవాడనిపించుకొంటాడనేది ఇక్కడి ప్రశ్న.

ఫలితాలు 1970లో ప్రచురితమైనవి. పెరిగి తిరిగి వచ్చిన పక్షులలో చాల వాటికి పెంచినవారి జాతిలోనే జోడు కుదిరినది. సాధారణంగా అరుదైన మిశ్రమ జంటలు ఆ ద్వీపాలలో కనబడసాగినవి. వాటికి పిల్లలు కూడ కలిగినవి. అంటే రెండింటి రక్తం కలువలేనిదేమీ కాదు. ఇన్ని తరాలుగా వాటిని వేరుగా ఉంచినది చాల వరకు చిన్ననాట చూచిన ముఖం. పిల్లగా ఉన్నప్పుడు ఏ ముఖం కింద మేత తిన్నదో, పెద్దదైన తరువాత ఆ ముఖం వంటిదానినే కోరుతున్నది.

వలస విషయంలో ఫలితం ఇంకా చిత్రమైనది. నల్లవీపువారి ఇంట పెరిగిన హెర్రింగు గల్ పిల్లలు, తమ జాతిలో ఎవరూ పోని ఫ్రాన్సుకూ, స్పెయినుకూ పోయినవి. పెంపుడు తల్లిదండ్రుల వెంట ప్రయాణం కట్టినవి. కాని హెర్రింగువారి ఇంట పెరిగిన నల్లవీపు పిల్లలు పెంచినవారి వలె ఇంటిపట్టున ఉండలేదు. అవి యథాప్రకారం దక్షిణానికే పోయినవి. ఒకదానికి ప్రయాణం నేర్చితే వచ్చేది. రెండవదానికి రక్తంలో ఉన్నది. పెంపకమా, పుట్టుకా అని మనుషులను గురించి జరిగే వాదాలలో ఎవరి పక్షానికి వారు ఒక సమాధానం కోరుకొంటారు. ఇక్కడ ఒకే గూటి నుండి రెండు సమాధానాలు వచ్చినవి. మా దృష్టిలో ఈ రెండు పక్షులను గురించి జరిగిన పనులన్నింటిలో ఇంత నిండైనది మరొకటి లేదు.

కంటి వలయం సంగతి కూడ ఇక్కడనే చెప్పవలెను. కెనడా ఉత్తరాన బాఫిన్ ద్వీపంలోని గల్ పక్షుల కంటి వలయాలకు రంగులు పూసి, అవి ఆ గుర్తు వలననే తమవారిని పోల్చుకొంటాయని నీల్ స్మిత్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1966లో ప్రకటించినారు. ఆ పని చాల కాలం పాఠ్యగ్రంథాలలో ఉన్నది. తరువాత అదే తీరానికి వెళ్లిన రిచర్డ్ స్నెల్ తాను చూచిన సంగతులు ఆ వర్ణనతో పొసగడం లేదని 1989లో వ్రాసినారు. అప్పటినుండి ఆ ప్రయోగాన్ని ఆధారంగా తీసుకొనడానికి పండితులు వెనుకాడుతున్నారు. కంటి వలయానికి ప్రయోజనం లేదని దీని అర్థం కాదు. ఆ ప్రయోగం మీద భారం మోపరాదని మాత్రమే.

ఇక వలయ సిద్ధాంతానికి వద్దాము. రంగులను చూచి చుట్టరికం చెప్పే కాలం గడచి, రక్తపుబొట్టు నుండి, ఈక మొదలు నుండి వంశవృక్షం చదివే కాలం వచ్చినది. జీవకణంలో మైటోకాండ్రియా అనే భాగాలు ఉంటాయి. వాటికి తమదైన డి.ఎన్.ఏ. ఉన్నది, అది తల్లి నుండి మాత్రమే సంతానానికి వస్తుంది. కనుక తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అనే వరుసను అది చెదరకుండ భద్రపరుస్తుంది. డోరిట్ లీబర్స్, పీటర్ డె క్నైఫ్, ఆండ్రియాస్ హెల్బిగ్ అనే ముగ్గురు ఈ గల్ కుటుంబమంతటి నుండి, ధ్రువం చుట్టూ ఉన్న రూపాలన్నింటి నుండి వందలకొలది పక్షుల డి.ఎన్.ఏ.ను సేకరించి పోల్చినారు. లండను రాయల్ సొసైటీ పత్రికలో 2004లో అచ్చయిన వారి వ్యాసపు శీర్షికలోనే తీర్పు ఉన్నది: హెర్రింగు గల్ సముదాయం వలయజాతి కాదు.

వారు కనుగొన్నది ఇది. ఈ పక్షులన్నింటికీ మూలస్థానం ఒక్కటి లేదు, రెండు ఉన్నవి. హిమయుగంలో ఉత్తరాన మంచు పేరుకొన్నప్పుడు కొన్ని పక్షులు అట్లాంటిక్ సముద్రపు ఈశాన్య తీరాలలోనూ, మరికొన్ని ఆరల్, కాస్పియన్ ప్రాంతంలోనూ తలదాచుకొన్నవి. ఆ రెండు ఆశ్రయాలలో అవి ఒకరి ముఖం ఒకరు చూడకుండ చాల కాలం గడపినవి. ఐరోపా హెర్రింగు గల్ ప్రధానంగా అట్లాంటిక్ ఆశ్రయపు సంతతి. నల్లవీపుది కాస్పియన్ వైపు సంతతి. మంచు కరిగిన తరువాత పడమరగా వ్యాపించి అట్లాంటిక్ తీరం చేరినది. ఇక్కడివరకు మేయర్ చెప్పినదానిలో సగం నిలిచినది. మిగిలిన సగం మాత్రం పోయినది. అమెరికా హెర్రింగు గల్ చూడడానికి ఐరోపాదానికి కవలపిల్ల వలె ఉన్నా, వంశంలో దానికి దగ్గరిది కాదు. అది ఆసియా, పసిఫిక్ వైపు పక్షులకు చేరువ. అమెరికా నుండి గల్ పక్షులు అట్లాంటిక్ దాటి ఐరోపాను ఆక్రమించిన జాడ ఎక్కడా లేదు. గొలుసులో ఆ ఒక్క లంకె ఎప్పుడూ పడలేదు. వలయం మూతపడలేదు.

కనుక స్కోఖోమ్ ద్వీపంలో పక్క పక్కన గూడు కట్టిన ఆ రెండు పక్షులు, భూమి చుట్టూ తిరిగి వచ్చి ఎదురుపడిన ఒకే ఇంటి పిల్లలు కావు. చిరకాలం క్రితమే వేరుపడి, వేరు వేరు ఆశ్రయాలలో పెరిగి, మంచు తొలగిన తరువాత పొరుగువారైన రెండు వంశాలు. సాధారణంగా జాతులు ఏర్పడే పద్ధతి ఇదే: నడుమ అడ్డు, చాల కాలం, తరువాత కలయిక. వింత గొలిపే కథ పోయి మామూలు కథ మిగిలినది. ఇందుకు కొందరు చింతించినారు. మాకు మాత్రం ఆ చింత లేదు. మేయర్ 2005లో నూరేండ్ల వయస్సులో మరణించినారు. వేరుపడి పెరిగిన జీవులే వేరు జాతులవుతాయని ఆయన జీవితమంతా బోధించినారు. ఆయన మెచ్చిన వలయాన్ని విరుగగొట్టిన సాక్ష్యమే ఆ బోధనకు బలమిచ్చినది.

వలయాలు బొత్తిగా లేవనుకొనరాదు. హిమాలయాలనూ, టిబెట్టు పీఠభూమినీ చుట్టి ఆకుపచ్చ వన్నెగల చిన్న వార్బ్లర్ పిట్ట ఒకటి నివసిస్తున్నది. దాని గురించి 1938లోనే టైస్‌హర్స్ట్ అనే పండితుడు ఇట్టి సూచన చేసినారు. సైబీరియాలో ఎదురుపడే దాని రెండు కొసలు ఒకదాని పాటను ఒకటి గుర్తించవని డారెన్ ఇర్విన్ ప్రభృతులు 2001లో చూపినారు. అక్కడ కూడ పూర్వం కొన్ని చోట్ల గొలుసు తెగి, మరల కలిసి ఉండవచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఆ పిట్ట చలికాలంలో మన తూర్పు కనుమల అడవులకు వస్తుంది. ఆకుల నడుమ దాగి ఉండడం చేత కంటికి కనబడడం కంటె చెవికి వినబడడమే ఎక్కువ.

ఈ జాతుల లెక్క పండితుల గది దాటి బయటికి కూడ వస్తుంది. బ్రిటన్ నగరాలలో మేడల కప్పుల మీద రెండు రకాల గల్ పక్షులూ గూళ్లు పెట్టి, కేకలతో ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టి, దారిన పోయేవారి చేతిలోని తినుబండారాలను తన్నుకొని పోతుంటాయి. అందుచేత ఇవి లెక్కకు మిక్కిలిగా ఉన్నవని జనం అనుకొంటారు. కాని మొత్తం మీద హెర్రింగు గల్ సంఖ్య తగ్గుతూ వచ్చి, 2009లో దానిని బ్రిటన్‌లో అత్యంత శ్రద్ధ వహించవలసిన పక్షుల ఎర్ర పట్టికలో చేర్చినారు. నల్లవీపుది ఆ పట్టికలోనిది కాదు. రెండూ ఒకే జాతి అని లెక్కించి ఉంటే, ఒకదాని సమృద్ధి రెండవదాని క్షీణతను మరుగుపరచి ఉండేది. అమెరికా పక్షిశాస్త్ర సంఘంవారు కూడ 2024లో తమ దేశపు హెర్రింగు గల్‌ను ఐరోపాదాని నుండి విడదీసి, వేరు జాతిగా పట్టికలో వ్రాసినారు. ఇకమీదట ఒక ఖండంలో పక్షులు తగ్గితే, మరొక ఖండంలో ఉన్నవి కదా అని ఊరుకొనడానికి వీలులేదు.

ఆ గొలుసులోని పక్షులలో ఒకటి మన దేశానికీ వస్తుంది. రష్యా ఉత్తర తీరపు టండ్రాలో పిల్లలను కనే హాయిగ్లిన్ గల్ చలికాలాన్ని ఎర్రసముద్రం, అరేబియా సముద్రం, తూర్పు ఆఫ్రికా తీరాలలో గడుపుతుంది. మన పడమటి తీరంలో గుజరాతు మొదలు కేరళ వరకు కనబడుతుంది. ముదురు బూడిద వీపు, పసుపు కాళ్లు. దానిని నల్లవీపు గల్‌లో ఒక ఉపజాతిగా కొందరు, ప్రత్యేక జాతిగా మరికొందరు నేటికీ లెక్కిస్తున్నారు. ముంబయి సముద్రపు ఒడ్డున నిలిచి చూచేవారికి, చేపల పడవల వెంట తిరిగే పక్షులలో మిగిలినవాటికంటె పెద్దదిగా, ముదురు వీపుతో అది కనిపించవచ్చును. ఫిబ్రవరి, మార్చి నెలలు దాటితే అది తిరుగు ప్రయాణం కడుతుంది.